ఒకే గీత, నాలుగు తలరాతలు

గత వారం బుగాటీ రాయల్ దగ్గర ఆగాం. రాజులూ మహారాజులూ ఎగబడి కొంటారని ఎట్టోర్ బుగాటీ ఆశపడి తయారుచేసిన ఆ భారీ కారును ఒక్క రాజూ కొనలేదు. పాతిక చేద్దామనుకున్నవాడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చేసి ఆపేశాడు. బయటివాళ్లకు అమ్ముడుపోయినవి మూడే మూడు. ఆ కారు కోసం తయారుచేసిన ఇంజన్లనే రైలు కార్లకు బిగించి ఫ్రెంచి రైల్వేలకు అమ్మితే తప్ప కార్ఖానా గట్టెక్కలేదు. ఈ వారం కథ కొడుకుది. తండ్రి కలల్లోని బరువంతా తీసేసి, వేగాన్ని మాత్రం ఉంచుకున్న జాన్ బుగాటీది. అతను గీసిన ఒక్క గీత నుంచి నాలుగు కార్లు పుట్టాయి. ఇవాళ మూడే ఉన్నాయి.

ఫ్రాన్సుకు తూర్పున, జర్మనీ సరిహద్దుకు దగ్గర్లో అల్సాస్ ప్రాంతం. అక్కడ మోల్‌సైమ్ అనే చిన్న ఊరు. ఇటలీలోని మిలాన్‌లో పుట్టిన ఎట్టోర్ 1909లో అక్కడ కార్ఖానా పెట్టాడు. ఇంట్లో అందరూ కళాకారులే. తండ్రి కార్లో పేరున్న ఫర్నిచర్ రూపకర్త. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల శిల్పాలు చేసి, చిన్న వయసులోనే ప్రాణం తీసుకున్నాడు. కార్ఖానా మొదలైన ఏడాదే పుట్టిన జాన్ ఆ యంత్రాల మధ్యే పెరిగాడు. ఇంజనీరింగ్ పట్టా లేదు. నేర్చుకున్నదంతా మెకానిక్కుల దగ్గర, రేకు వంచే పనివాళ్ల దగ్గర, తండ్రి డ్రాయింగ్ బల్ల దగ్గర.

1936 వేసవిలో ఫ్రాన్సు అంతటా సమ్మెలు జరిగాయి. మోల్‌సైమ్ కార్మికులూ పని ఆపేశారు. వాళ్లను కుటుంబంలా చూసుకుంటున్నానని నమ్మిన ఎట్టోర్ మనసు విరిగిపోయి పారిస్ వెళ్లిపోయాడు. కార్ఖానా రోజువారీ బాధ్యత కొడుకు భుజాన పడింది. జాన్‌కు అప్పుడు ఇరవై ఏడేళ్లు. సమ్మెను కార్మికుల వైపు నుంచి చూస్తే వాళ్ల కోరికలు న్యాయమైనవే. జీతంతో కూడిన సెలవులు, వారానికి 40 గంటల పని ఫ్రెంచి కార్మికులకు దక్కింది ఆ ఏడాదే. ఎట్టోర్ దాన్ని ద్రోహంగా తీసుకున్నాడు. జాన్ తీసుకోలేదు, వాళ్లతోనే కలిసి పనిచేశాడు. మనం చెప్పుకోబోయే కార్లలో మూడు ఆ సంవత్సరంలోనే బయటికొచ్చాయి.

వాటికి మూలం అంతకు ముందు ఏడాది, 1935 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో కనిపించిన నమూనా కారు. పేరు ఏరోలిత్. దాని ఒళ్లు ఎలక్ట్రాన్ అనే మిశ్రమ లోహంతో చేశారు. అందులో ఎక్కువ పాలు మెగ్నీషియం. అల్యూమినియం బరువులో మూడింట రెండు వంతులే ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, దాన్ని అతకడం. ఆనాటి వెల్డింగ్ మంట తగిలితే మెగ్నీషియం అంటుకుని తెల్లటి వెలుగుతో మండిపోతుంది. అందుకని జాన్ రేకులను రెండు సగాలుగా చేయించి, అంచులు పైకి మడిపించి, ఆ మడతలను ఒకదానికొకటి ఆనించి వరుసగా రివెట్లు కొట్టించాడు. సాధారణంగా ఏ కారు తయారీదారైనా అతుకును దాచేస్తాడు. జాన్ దాన్ని కారు నడినెత్తిన నిలబెట్టాడు. ముందు అద్దం మధ్య నుంచి పైకప్పు మీదుగా తోక దాకా, చేప వీపు మీది రెక్కలా, ఒక గట్టు సాగింది. ముందు, వెనక మడ్‌గార్డుల మీదా అదే గట్టు, అవే రివెట్లు.

ఏరోలిత్ పారిస్ తర్వాత లండన్ ప్రదర్శనకూ వెళ్లింది. తర్వాత దాని ఆచూకీ లేదు. విడిభాగాల కోసం విప్పేసి ఉంటారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ రోజుల్లో ప్రదర్శన నమూనాలకు పట్టే గతి అదే.

మరుసటి ఏడాది అమ్మకానికి కార్లు చేసినప్పుడు ఎలక్ట్రాన్‌ను వదిలేసి అల్యూమినియం వాడారు. అల్యూమినియాన్ని వెల్డింగ్ చేయొచ్చు, అతుకు కనబడకుండా రుద్దేయొచ్చు. రివెట్ల గట్టు అవసరమే లేదు. అయినా జాన్ ఉంచాడు. లోహం కోసం వచ్చిన గీత, లోహం మారాక కూడా అందం కోసం నిలిచింది. ఈ కారును దగ్గర్నుంచి తీసిన ఫొటోలు చూసినప్పుడల్లా నా చూపు అక్కడే ఆగుతుంది. ఆ రివెట్లు సమానమైన ఎడంతో పైకప్పు వంపును పట్టుకుని వెనక్కి జారుతూ ఉంటాయి. ఆ గట్టు లేకపోతే ఇదీ ఆ కాలపు అందమైన కార్లలో ఒకటి అయ్యుండేది, అంతే. మూత్రపిండం ఆకారంలో కోసిన కిటికీలు, పైకప్పులోకి వంగి వెళ్లిన తలుపులు, వెనక చక్రాలను కప్పిన రేకులు, అన్నీ ఆ గట్టుకు తగ్గట్టే వంపు తిరిగాయి.

లోపలి పనితనమూ తక్కువేమీ కాదు. ఈ కార్లకు ఆధారం టైప్ 57 అనే మోడల్. 1934 నుంచి 1940 దాకా సుమారు 710 టైప్ 57 కార్లు మోల్‌సైమ్ నుంచి వెళ్లాయి. ఇంజన్‌లో ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి, 3,257 సీసీ, రెండు ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్టులు. ఇందులోనే ఎత్తు తగ్గించిన చాసిస్ మీద చేసిన రకం 57 ఎస్. అవి నలభై పైచిలుకు మాత్రమే. మామూలు కార్లలో వెనక ఇరుసు ఫ్రేముకు కింద ఉంటుంది. ఇందులో ఫ్రేముకే రంధ్రం చేసి ఇరుసును దాని గుండా పోనిచ్చారు. ఇంజన్ కింద ఆయిల్ తొట్టి కూడా తీసేసి, ఆయిల్‌ను విడిగా ఒక ట్యాంకులో పెట్టి పంపు చేశారు. అలా ఒక్కో అంగుళమూ మిగుల్చుకుంటూ కారును నేలకు దించారు. దీనికి కంప్రెసర్, అంటే గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోసే సూపర్‌ఛార్జర్, తగిలిస్తే 57 ఎస్‌సి. సుమారు 200 హార్స్‌పవర్, గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగం. 1930లలో మామూలు రోడ్డు మీద తిరిగే కారుకు ఇది ఊహకందని సంగతి.

ఈ రివెట్ల గట్టు కారును మొదట్లో ఏరో కూపే అన్నారు. అట్లాంటిక్ అన్న పేరు తర్వాత వచ్చింది. ఫ్రెంచి విమాన చోదకుడు జాన్ మెర్మోజ్ దక్షిణ అట్లాంటిక్ మీదుగా టపా మోసిన తొలి తరం సాహసి. 1936 డిసెంబరు 7న తన విమానంతో సహా ఆ సముద్రంలోనే కనిపించకుండా పోయాడు. బుగాటీ సంస్థ చెప్పుకునే ప్రకారం, స్నేహితుడి జ్ఞాపకంగా జాన్ బుగాటీ తన కారుకు ఆ సముద్రం పేరు పెట్టాడు.

ఇక యజమానుల సంగతి. పాత కార్ల లోకంలో కారు విలువ సగం దాని కాగితాల్లో ఉంటుంది. చాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజన్ మీద కొట్టిన నంబరు, కార్ఖానా డెలివరీ పుస్తకంలో పేరు, రిజిస్ట్రేషన్ పుస్తకం, పాత ఫొటోలు, అమ్మినవాడు కొన్నవాడికి రాసిన ఉత్తరం. మొదటి యజమాని నుంచి ఇవాళ్టి యజమాని దాకా గొలుసు తెగకుండా ఉండాలి. మన ఆర్.సి. పుస్తకంలో పేర్లు మారినట్టే ఇక్కడా మారతాయి. కాకపోతే ఈ పేర్ల వెనక ఇరవయ్యో శతాబ్దపు యూరప్ చరిత్ర అంతా ఉంది. ధర గురించి రాసేవాళ్లు దొరికినంతమంది దాని గురించి రాసేవాళ్లు దొరకరు. అందుకే నేను ధరల కంటే మనుషుల మీద ఎక్కువ పేజీలు ఖర్చు పెడుతున్నాను.

మొదటి అట్లాంటిక్, చాసిస్ నంబరు 57374, 1936లో ఇంగ్లండు వెళ్లింది. లేత బూడిద నీలం రంగు. కొన్నవాడు విక్టర్ రోత్‌షీల్డ్, యూరప్‌లో పేరుమోసిన బ్యాంకర్ల వంశం. అప్పటికి వయసు ఇరవై అయిదు. డబ్బున్న కుర్రాడి సరదా అని కొట్టిపారేయడానికి లేదు. కేంబ్రిడ్జ్‌లో జంతుశాస్త్రం చదివి, జీవకణాల ఫలదీకరణ మీద పరిశోధన చేసి, తర్వాత రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. కౌంటీ క్రికెట్ ఆడాడు, పియానో బాగా వాయించేవాడు. ఆయన తండ్రి చార్లెస్ కూడా శాస్త్రవేత్తే. ప్లేగును ఎలుకల నుంచి మనుషులకు మోసుకొచ్చే గోమారి (ఫ్లీ) అనే పురుగు జాతిని 1903లో గుర్తించి వర్ణించినవాడు ఆ చార్లెస్ రోత్‌షీల్డే. ఆ రోజుల్లో మన దేశంలో లక్షల ప్రాణాలు తీసిన ప్లేగు వెనక ఉన్నది ఆ పురుగే.

యుద్ధం వచ్చాక విక్టర్ బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎం.ఐ.5లో చేరాడు. శత్రువులు సరుకుల్లో దాచి పంపే బాంబులను కనిపెట్టి విప్పడం ఆయన పని. 1944లో స్పెయిన్ నుంచి వచ్చిన ఉల్లిపాయల పెట్టెలో ఒక బాంబు దొరికింది. మిగతావాళ్లను దూరంగా పంపేసి, ఒక్కడే దాని ముందు కూర్చుని, ఒక్కొక్క భాగం విప్పుతూ, తను చేస్తున్నదంతా టెలిఫోన్‌లో చెబుతూ పోయాడు. తను పేలిపోతే తర్వాత వచ్చేవాడికి ఎక్కడ తప్పు జరిగిందో తెలియాలి కదా! ఆ పనికి జార్జి పతకం వచ్చింది. ఒక స్క్రూ ఎంత తిప్పితే ఏమవుతుందో అంత ఓర్పుగా చూడగలిగిన మనిషి అట్లాంటిక్ కొనడంలో ఆశ్చర్యం నాకేమీ కనిపించదు.

కారు మాత్రం ఆయన దగ్గర ఎక్కువ కాలం లేదు. తర్వాత కంప్రెసర్ బిగించారు. ఇంజన్ దెబ్బతింది. యుద్ధ సంవత్సరాల్లోనే చేయి మారింది. యుద్ధం ముగిశాక అమెరికా చేరింది. 1950లలో బుగాటీ అంటే ఏమిటి? మూతపడబోతున్న కంపెనీ తయారుచేసిన పాత కారు. విడిభాగాలు దొరకవు, బాగుచేసే మెకానిక్ దొరకడు. కొత్త అమెరికన్ కారు దానికంటే తేలిగ్గా నడుస్తుంది, వర్షంలో కారదు. ఆ రోజుల్లో ఇలాంటి కార్లు ఎన్నో తుక్కుకు వెళ్లిపోయాయి. ఈ కారు మిగిలిందంటే, పేరు లేని, పేరు అడగని యజమానులు దాన్ని షెడ్డులోంచి బయటికి తోసేయకపోవడం వల్లే. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మొక్కాల్సింది వాళ్లకి.

1971లో లాస్ ఏంజెలెస్ వేలంలో 57374ను పీటర్ విలియమ్సన్ 59,000 డాలర్లకు పాడుకున్నాడు. ఆయన వృత్తి నరాల వైద్యం. పాత కారుకు అంత పెట్టినందుకు అప్పట్లో నోళ్లు వెళ్లబెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన దాన్ని వదల్లేదు. రోత్‌షీల్డ్ కొన్ననాటి లేత నీలం రంగుకు, ఆనాటి రూపానికి తిరిగి తెచ్చాడు. 2003లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పోటీలో అది అన్నిటికన్నా మేటి కారుగా గెలిచింది. పాత కార్ల లోకంలో అంతకు మించిన గౌరవం లేదు. 2008లో విలియమ్సన్ చనిపోయాడు. 2010లో కారు చేతులు మారినప్పుడు ధర మూడు కోట్ల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి. నాలుగు కోట్లన్నవాళ్లూ ఉన్నారు. అసలు అంకె అధికారికంగా బయటపెట్టలేదు. కొన్నవాళ్లలో ఒకరైన పీటర్ ముల్లిన్ దాన్ని కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో తను పెట్టిన ఫ్రెంచి కార్ల మ్యూజియంలో ఉంచాడు. టికెట్ కొన్న ప్రతివాడూ దాని చుట్టూ తిరిగి చూసే వీలు కలిగింది. ముల్లిన్ 2023లో కన్నుమూశాడు, 2024 ఫిబ్రవరిలో మ్యూజియం మూసేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించిన వార్త. వ్యక్తి కట్టిన మ్యూజియం ఆ వ్యక్తితోనే పోతుందని తెలిసినా, పిల్లలు స్కూలు బస్సుల్లో వచ్చి చూడదగ్గ కారు మళ్లీ తలుపు వెనక్కి వెళ్లిపోవడం నష్టమే.

చివరి అట్లాంటిక్, 57591, కథ తిన్నగా సాగింది. 1938 మేలో లండన్‌లో ఆర్.బి. పోప్ అనే ఆంగ్లేయుడికి అందింది. దాని రిజిస్ట్రేషన్ నంబరు ఇ.ఎక్స్.కె. 6. అక్కడక్కడే చేతులు మారి, 1988లో అమెరికన్ దుస్తుల రూపకర్త రాల్ఫ్ లారెన్ దగ్గరికి చేరింది. విప్పి, పూర్తిగా బాగుచేయించి, నల్ల రంగు వేయించాడు. 1990లో పెబుల్ బీచ్‌లోనూ, 2012లో ఇటలీలోని విల్లా దెస్తె పోటీలోనూ గెలిచింది. పత్రికల్లో మీరు చూసే నల్లటి అట్లాంటిక్ ఫొటో దాదాపు ఎప్పుడూ ఇదే. తప్పిపోయిన నల్ల కారు అని కింద రాసేవాళ్లూ ఉన్నారు. అది వేరే, దాని సంగతి తర్వాత.

మూడోది 57473. ఫ్రాన్సులోనే జాక్ హోల్జ్‌షూ అనే ఆయనకు 1936 చివర్లో తయారైంది. తర్వాత చేతులు మారింది. 1955 ఆగస్టు 22న ఒక రైల్వే క్రాసింగ్ దగ్గర రైలు దాన్ని గుద్దింది. నడుపుతున్న అప్పటి యజమాని, పక్కన ఉన్న మనిషి ఇద్దరూ చనిపోయారు. అట్లాంటిక్ తుక్కయిపోయింది. ఆ తుక్కును పారేయలేదు. ఏళ్ల తర్వాత వంగిపోయిన రేకులు, విరిగిన ముక్కలు పోగుచేసి తిరిగి నిలబెట్టారు. ఇంజన్ మాత్రం తిరిగి వాడడానికి పనికిరాలేదు. ఆ తర్వాత అమెరికాలో మరోసారి, ఎక్కువ శ్రద్ధతో, ఆనాటి ఫొటోలు పక్కన పెట్టుకుని బాగుచేశారు.

ఇప్పుడు తగువు. అది అసలైన అట్లాంటిక్ అవునా కాదా? ఒక వర్గం వాళ్లు కాదంటారు. ఇంజన్ వేరు, ఒంటిలో చాలా భాగం కొత్తది, నంబరు పలక ఒక్కటి పట్టుకుని కారంతా అదే అంటే ఎలా అని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పాత నంబరు చుట్టూ కొత్త కారు కట్టి కోట్లకు అమ్మిన మోసాలు ఈ వ్యాపారంలో జరిగాయి. కానీ ఈ కారు విషయంలో గొలుసు తెగలేదు. గుద్దుకున్న కారు ఏదో, ఎక్కడ, ఏ రోజున గుద్దుకుందో, ఆ శిథిలం ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి వెళ్లిందో తెలుసు. దాచిపెట్టింది ఏదీ లేదు. మిగతా రెండిటికీ బాగుచేసే క్రమంలో రేకులు మార్చలేదా, రంగులు మార్చలేదా? గాయపడినట్టు ఒప్పుకున్న కారును తక్కువ చేసి, గాయాలు కనపడకుండా మెరుగుపెట్టిన కార్లకు మాత్రమే పట్టం కట్టడం నాకు సబబుగా తోచదు. ఆ క్రాసింగ్ దగ్గర ఇద్దరు మనుషులు పోయారు. అది కూడా ఆ కారు చరిత్రే. దాన్ని చెరిపేసి చూపే హక్కు ఎవరికీ లేదు.

ఇక మిగిలింది 57453. వరుసలో రెండో కారు. జాన్ తన కోసం ఉంచుకున్నది. నల్ల రంగు. బుగాటీ ప్రచార పుస్తకాల్లో ఫొటో ఇదే, ప్రదర్శనలకు తీసుకెళ్లిందీ దీన్నే. ఎవరికీ అమ్మలేదు. జాన్ దాన్ని తన స్నేహితులకు, కంపెనీ రేసు డ్రైవర్లకు ఇచ్చేవాడు. వాళ్లలో ఒకడు విలియమ్ గ్రోవర్-విలియమ్స్. ఇంగ్లిష్ తండ్రికీ ఫ్రెంచి తల్లికీ పుట్టి, ఒక చిత్రకారుడి దగ్గర కారు డ్రైవరుగా పనిచేసి, 1929లో మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రీ గెలిచినవాడు. ఆయన, భార్య ఇవోన్ ఆ నల్ల కారును నడిపారు. ఇంకో డ్రైవరు రోబేర్ బెన్వా. 1937లో జాన్-పియేర్ విమిల్‌తో కలిసి బుగాటీకి లె మాన్ 24 గంటల పందెం గెలిచి పెట్టాడు. 1939 జూన్‌లో విమిల్, పియేర్ వేరాన్ జంట మళ్లీ గెలిచింది.

ఆ గెలిచిన కారునే జాన్ ఆగస్టులో మళ్లీ పరీక్షించబోయాడు. 1939 ఆగస్టు 11 రాత్రి, మోల్‌సైమ్ దగ్గరి తిన్నని రోడ్డు. రోడ్డు మూయించి, కాపలా పెట్టారు. అయినా ఒక సైకిలు మనిషి ఎలాగో లోపలికి వచ్చేశాడు. అతన్ని తప్పించబోయి జాన్ చెట్టుకు గుద్దుకున్నాడు. ముప్పై ఏళ్లు. ఆ తర్వాత మూడు వారాలకు యుద్ధం మొదలైంది. ఎట్టోర్ అన్నిటికీ కొడుకు మీదే ఆధారపడి ఉన్నాడు. ఆ రోజు నుంచి బుగాటీ సంస్థ నిజంగా కోలుకోలేదు.

1940లో జర్మన్ సైన్యం అల్సాస్‌ను ఆక్రమించి ఏకంగా జర్మనీలో కలిపేసుకుంది. బుగాటీ యంత్రాలు, సామగ్రి నైరుతి దిశగా బోర్డో వైపు తరలాయి. 1941 ఫిబ్రవరిలో బోర్డోకు రైల్లో పంపిన కార్ల జాబితా ఒకటి మిగిలింది. అందులో ఒక కారు నంబరు 1244 డబ్ల్యు 5. నల్ల అట్లాంటిక్ మీద ఫొటోల్లో కనిపించే నంబరు అదే. ఆ తర్వాత ఎక్కడా ఒక్క కాగితం లేదు, ఒక్క ఫొటో లేదు. రైలు మీద బాంబు పడిందని కొందరు, ఎవరో గడ్డివాములో దాచారని కొందరు, విప్పి వేరే కార్లకు వాడేశారని కొందరు. గడ్డివాము కథ మీద నాకు నమ్మకం లేదు. యుద్ధకాలంలో అల్యూమినియం రేకుకు, రబ్బరు టైరుకు ఎంత గిరాకీయో చదివినవాళ్లెవరూ నమ్మలేరు. ఆకలితో ఉన్న దేశంలో పెట్రోలు లేని కారు కేవలం లోహం.

బుగాటీ సంస్థ లెక్కలో ఆ కారు ఇప్పుడు దొరికితే పది కోట్ల యూరోలు పైమాటే. 2019 జెనీవా ప్రదర్శనలో ఆ నల్ల కారు పేరుతోనే ఒకే ఒక్క కొత్త కారు చేసి, పన్నులు కాక కోటీ పది లక్షల యూరోలకు అమ్మేసింది. తప్పిపోయిన కారు గురించి రాసే ప్రతివాడూ ఆ పది కోట్లు రాస్తాడు. దాని స్టీరింగు పట్టుకున్న చేతులు ఏమయ్యాయో రాయడానికి ఒక వాక్యమే మిగుల్తుంది. ఇక్కడ కాస్త ఎక్కువ రాయనివ్వండి.

ఫ్రాన్సు ఓడిపోయాక గ్రోవర్-విలియమ్స్ ఇంగ్లండు చేరి, బ్రిటిష్ రహస్య దళంలో చేరి, ఆక్రమిత ఫ్రాన్సులోకి తిరిగి దిగాడు. పారిస్ చుట్టుపక్కల ఒక రహస్య జట్టు కట్టాడు. అందులో చేర్చుకున్నది ఎవరినో కాదు, ఒకప్పుడు పందెంలో తనతో పోటీపడిన బెన్వానూ, విమిల్‌నూ. ఆయుధాలు పారాషూట్లలో దింపించుకుని దాచేవాళ్లు. 1943 ఆగస్టులో జర్మన్ రహస్య పోలీసులు గ్రోవర్-విలియమ్స్‌ను పట్టుకున్నారు. బెన్వానూ పట్టుకుని కారెక్కించారు. అతను నడుస్తున్న ఆ కారులోంచే బయటికి దూకి తప్పించుకున్నాడు. ఇంగ్లండు వెళ్లి, హాయిగా అక్కడే ఉండిపోగలిగీ, మళ్లీ ఫ్రాన్సుకు వచ్చాడు. 1944 జూన్‌లో రెండోసారి దొరికాడు. అదే సెప్టెంబరులో బూకెన్‌వాల్డ్ శిబిరంలో చంపేశారు. గ్రోవర్-విలియమ్స్‌ను 1945లో, యుద్ధం ముగియడానికి కొన్ని వారాల ముందు, జాక్సెన్‌హౌజెన్ శిబిరంలో చంపారు. విమిల్ బతికి బయటపడ్డాడు. 1945 సెప్టెంబరు 9న పారిస్‌లోని బ్వా ద బులోన్య్‌లో యుద్ధానంతరం జరిగిన మొదటి కార్ల పందేల్లో, బెన్వా పేరు మీద ఒక పందెం నిర్వహించారు. ఆ రోజు ప్రధాన పందెం, యుద్ధఖైదీల గౌరవార్థం పెట్టింది, బుగాటీ నడిపి విమిల్ గెలిచాడు. నాలుగేళ్లు తిరగకముందే, 1949 జనవరిలో బ్యూనస్ ఏరీస్ సాధన పరుగులో అతనూ పోయాడు. నల్ల కారు ఏనాటికైనా దొరికితే, దాని పక్కన పెట్టే పలక మీద ధర కంటే పైన ఈ పేర్లు ఉండాలి.

కారు సంగతి అలా ఉంటే, కార్ఖానా యాజమాన్యమే తగువులో పడింది. జర్మన్లు ఎట్టోర్ చేత దాన్ని బలవంతంగా అమ్మించి, నీటి మీద నడిచే సైనిక వాహనాలు చేసే ట్రిపెల్ అనే కంపెనీకి అప్పజెప్పారు. యుద్ధం ముగిశాక ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని శత్రు ఆస్తి కింద జప్తు చేసింది. ఇష్టపడి అమ్మలేదని, మెడ మీద కత్తి పెట్టి అమ్మించారని ఎట్టోర్ కోర్టుకెక్కాడు. 1947లో కార్ఖానా తిరిగి దక్కింది. ఆ తీర్పు ఫలం అనుభవించే స్థితిలో ఆయన లేడు. ఆ ఏడాది ఆగస్టు 21న పారిస్‌లో కన్నుమూశాడు. తండ్రీకొడుకులిద్దరూ మోల్‌సైమ్ పక్కనే ఉన్న డోర్లిస్‌హైమ్ శ్మశానంలో ఉన్నారు.

చిన్న కొడుకు రోలాండ్ కొన్నేళ్లు లాగాడు. 1963లో కంపెనీ హిస్పానో-సూయిజా చేతికి వెళ్లింది. విమాన భాగాలు చేసే కొత్త యజమానులకు షెడ్డుల్లో మిగిలిన పాత కార్లతో పనిలేదు. వాటిని కొనడానికి అల్సాస్‌లోనే ఒక బట్టల మిల్లు యజమాని కాచుకుని ఉన్నాడు. పేరు ఫ్రిట్జ్ ష్లుంఫ్. మోల్‌సైమ్ కార్లతో ఆగకుండా ప్రపంచం నలుమూలలా బుగాటీ యజమానులకు ఉత్తరాలు రాయించాడు. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ నుంచి ఒకే విడతలో 30 బుగాటీలు కొని, రైలెక్కించి, ఓడెక్కించి తెప్పించుకున్నాడు. మ్యూలూజ్ ఊళ్లో గోడల వెనక వాటిని వరసగా నిలబెట్టాడు. వందకు పైగా బుగాటీలు పోగేసినా, వాటిలో అట్లాంటిక్ ఒక్కటీ లేదు. ఆ గోడల వెనక ఏముందో మిల్లు కార్మికులకు కూడా సరిగా తెలియదు. జీతాలు ఆగిపోయి, యజమాని స్విట్జర్లాండ్ పారిపోయాక, 1977 మార్చిలో కార్మికులు ఆ భవనాన్ని ఆక్రమించుకున్నారు. లోపల కనిపించిన కార్లు ఎవరివి, జీతం బకాయిపడ్డ కార్మికులవా, అప్పులిచ్చిన బ్యాంకులవా, ఫ్రెంచి ప్రభుత్వానివా అన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. ఆ కథ వచ్చే వారం.